ఫ్లాస్కులో అన్నయ్య

పోయిన వారం చెల్లెమ్మను మనం ఎక్కడ వదిలేశామో గుర్తుంది కదా? పరిశోధనశాల మెట్ల మీద, ఒళ్ళో పెట్టుకున్న తన చేతులకేసే చూసుకుంటూ. మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెబుతాను. తెలిసినవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

చెల్లెమ్మ అన్నయ్య మెదడులో కణితితో పోయాడు. ఆపరేషన్ చేసిన పెద్దాయనే ఈ పెద్దాసుపత్రి వెనకున్న పరిశోధనశాలకూ అధిపతి. తీసిన కణితిలో ఓ ముక్కను అక్కడ పెంచుతున్నారని విని, అప్పటిదాకా చదువుతున్న చదువు వదిలేసి, ఆ ముక్క కోసమే ఇక్కడ చేరిపోయింది ఈ పిల్ల. చేరిన రోజున పెద్దాయన ఆమె చేతిలో ఒక ఫ్లాస్కు పెట్టాడు. కాఫీ పోసుకునే ఫ్లాస్కు అనుకునేరు! అరచేతిలో ఇమిడే పల్చని ప్లాస్టిక్ సీసా, అడుగున గులాబీ రంగు నీళ్ళు, ఆ నీళ్ళలో కంటికి ఆనని కణాలు. "ఇదిగో అమ్మా, మీ అన్నయ్య. జాగ్రత్తగా చూసుకో" అన్నాడు. ఆ రోజు నుంచీ ల్యాబులో ఆమె పేరు చెల్లెమ్మే అయిపోయింది. పక్క గదిలో ఎలుకలతో పనిచేసే ఎలుకల డాక్టరైతే ఆ ఫ్లాస్కును "బావగారు" అని పిలుస్తాడు. "బావగారికి భోజనం పెట్టావా?" అంటాడు రోజూ. "వరస కలపడానికి నీకంత సరదాగా ఉంటే వెళ్ళి నీ ఎలుకలతో కలుపుకో" అంటుంది ఈవిడ. ఆరేళ్ళుగా ఇదే తంతు.

ఆ కణాల మీద ఒక మందు పనిచేసింది. ఇప్పుడు మొట్టమొదటిసారి ఒక మనిషికి దాన్ని ఎక్కించబోతున్నారు. సరిగ్గా ఈ సమయంలో, ఏదో పరీక్షలో పోల్చి చూడ్డానికి ఆరోగ్యంగా ఉన్న మనిషి నమూనా కావాలంటే, చెల్లెమ్మ తన బుగ్గ లోపల దూదిపుల్లతో తుడిచి ఇచ్చింది. ఫలితం వచ్చింది. ఫ్లాస్కులో ఉన్నవాళ్ళకూ ఆమెకూ రక్తసంబంధం లేదట. అంతటితో అయిందా, ఫ్లాస్కులో ఉన్నది అసలు మగమనిషే కాదట!

అదీ సంగతి. ఇక పిల్లను మెట్ల మీంచి లేపుదాం.

ఆమె చేతులకేసి ఎందుకు చూసుకుంటోందో తెలుసా? తప్పు తనదే అనుకుంది. ఈ పనిలో అలాంటి తప్పు జరగడం కొత్తేమీ కాదు. కొన్ని కణాలు పువ్వుల్లాగా సుకుమారం, మరికొన్ని వట్టి కలుపుమొక్కలు. అందుకే ఒక ఫ్లాస్కు పని అయ్యాక బల్లంతా స్పిరిట్‌తో తుడిచి, గాలి మారేదాకా ఆగి, అప్పుడు గానీ రెండో ఫ్లాస్కు బయటికి తీయకూడదు. ఒక్కసారి ఒళ్ళుమరిచి ఒకే గొట్టంతో రెండింటికీ పోశావా, కలుపు కణం ఒక్కటి ఇవతలికి వచ్చి పడుతుంది. అద్దెకొచ్చినవాడు ఇల్లు కాజేసినట్టు కొన్నాళ్ళకు ఫ్లాస్కంతా దానిదే. పేరు మాత్రం పాతదే ఉంటుంది. ఏ ఆదివారం పూటో నిద్రమొహంతో వచ్చి, అన్నయ్యను తన చేతులతోనే చంపుకున్నానని ఆమె నిశ్చయించేసుకుంది.

నిన్న సాయంత్రమే పెద్దాయనకు మెసేజి పెట్టింది: 'ఫ్లాస్కు గురించి మాట్లాడాలి సార్. రేపు మధ్యాహ్నం మందు ఆపాలి.' చాలాసేపటికి జవాబొచ్చింది: 'పొద్దున కల్చర్ గదికి రా. నేనే అక్కడికి వస్తాను.' పెద్దాయన ఆ గదిలో అడుగుపెట్టి ఏళ్ళయింది. అంతటివాడు తన కోసం అక్కడిదాకా వస్తున్నాడంటే ఆమె ప్రాణం ఇంకాస్త ముడుచుకుపోయింది.

కల్చర్ గది అంటే కణాలు పెంచే గది. కిటికీల్లేవు. చెప్పులు బయట, ఫోన్లు బయట ట్రేలో. లోపల గాజు తలుపున్న పెట్టె ఒకటి, దాన్ని హుడ్ అంటారు, శుభ్రమైన గాలి కోసం రోజంతా హోరుమంటూ ఉంటుంది. పెద్దాయన వచ్చాడు. ఆ గదిలోకి వేసుకురావాల్సిన గౌను ఆయన పొట్టకు ముడిపడక వెనక నాడాలు వేలాడుతున్నాయి. వస్తూనే తలుపు దగ్గరగా వేసి, గోడ గడియారం చూశాడు.

"చెప్పమ్మా" అన్నాడు.

రాత్రంతా పేర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. "సార్, ఫ్లాస్కులో అన్నయ్య లేడు. పరీక్షలో తెలిసింది. వేరేవాళ్ళ కణాలు వచ్చి చేరాయి. నా చేతుల్లోనే ఎక్కడో తప్పు జరిగిపోయింది. నన్ను తీసెయ్యండి, తిట్టండి, ఏమైనా చెయ్యండి. ముందు మాత్రం మందు ఆపించండి."

ఎవరైనా అయితే ఏమంటారు? 'ఎలా జరిగింది?' అంటారు. 'అయ్యో!' అంటారు. కనీసం నెత్తి కొట్టుకుంటారు. పెద్దాయన అడిగిన మొదటి మాట వేరు.

"ఎవరికైనా చెప్పావా?"

"లేదు సార్."

"మీ వదినకు?"

"ఇంకా చెప్పలేదు. ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. భుజాలు కిందికి దిగాయి. గొంతులోకి వెన్న వచ్చి చేరింది. "పోనీలేమ్మా. పనిచేసే చేతులే తప్పు చేస్తాయి. ఈ గదిలో పనిచేసినవాళ్ళలో ఎవరికి జరగలేదు చెప్పు? నిన్ను నేనొక్క మాట అనను. ఇది నీకూ నాకూ మధ్యే ఉండనీ. నేను మర్చిపోయాను, నువ్వూ మర్చిపో."

ఓసి పిచ్చిదానా! ఆ మాటకు చెల్లెమ్మ కరిగి నీరైపోయింది. ఇంత పెద్ద తప్పు చేస్తే ఒక్క మాట కూడా అనలేదు, దేవుడిలాంటి మనిషి అనుకుని భోరుమంది. ఆయన కాళ్ళ మీద పడటమొక్కటే తక్కువ. పెద్దాయన కూడా కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. అది నటనో నిజమో నన్నడక్కండి, మనిషన్నాక రెండూ ఉంటాయి.

"మందు ఆపిస్తారు కదా సార్?" అంది ముక్కు చీదుకుంటూ.

"మందుకేమొచ్చిందమ్మా? ఎలుకల్లో కణితి కరిగింది, నీ కళ్ళతో నువ్వే చూశావు. టీచరమ్మ కణితి మాత్రం వేరే జాతిదా ఏమిటి? అదీ ఆ కోవలోదే."

కళ్ళు తుడుచుకుంటున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఏ టీచరమ్మ సార్?"

కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోగలమా? పెద్దాయన కళ్ళద్దాలు పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.

"ఫ్లాస్కులో ఉన్నది ఆడమనిషని మీకు నేనింకా చెప్పనేలేదు. టీచరని నాకే తెలీదు." ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "ఎవరు సార్ ఆవిడ?"

"కూర్చో."

"నిలబడే వింటాను."

అప్పుడు చెప్పాడు. మీ అన్నయ్యకు ముందు ఒక స్కూలు టీచరుకు ఆపరేషన్ చేశాను, ఆవిడా దక్కలేదు, ఆవిడ కణితిదే ఈ ఫ్లాస్కు అన్నాడు. చెల్లెమ్మ ఒక్కో మాటనూ విడివిడిగా విన్నది. అన్నీ తెలిసిన మాటలే, కలిపితే మాత్రం అర్థం కావడం లేదు.

"మరి మా అన్నయ్యవి?"

"నువ్వు చేరేనాటికే లేవమ్మా."

"చచ్చిపోయాయా?"

"పారబోశాం."

"ఎందుకు?"

"అది చెప్పలేను. ఒకరికి మాటిచ్చాను. ఎవరికని మాత్రం అడక్కు."

"అడగను. ఇది మాత్రం చెప్పండి." ఆమె ఇంక్యుబేటర్ వైపు చెయ్యి చూపించింది. లోపల వెచ్చగా ఆ ఫ్లాస్కు ఉంది. మూత మీద 'అన్నయ్య' అని తన చేతిరాత. "మొదటి రోజున మీ చేత్తో మీరు నా చేతిలో పెట్టారే. ఇదిగో మీ అన్నయ్య అన్నారే. అప్పటికే తెలుసా మీకు?"

"గుమ్మంలో నిలబడి అడిగావమ్మా, ఒక్కసారి చూపించండి సార్ అని. నీ మొహం చూసి లేవని చెప్పలేకపోయాను. ఒక్క రోజుకని అన్నాను ఆ మాట."

ఇంతవరకే అయితే చెల్లెమ్మ క్షమించేదేమో. నేనైతే క్షమించేవాణ్ణి. జాలిపడి ఒక అబద్ధం ఆడని మనిషి ఎవరు? కానీ పెద్దాయనకు అక్కడితో ఆపడం చేతకాలేదు. తెలివైనవాళ్ళకున్న రోగమే అది, తమ తెలివి ఎదుటివాళ్ళకు అర్థమయ్యేదాకా ఊరుకోరు.

"ఆ తర్వాత చూశాను కదా నువ్వు పనిచేసే తీరు. టీచరమ్మ కణాలు అప్పటిదాకా ఎవరి చేతిలోనూ బతకలేదు. ముగ్గురు పెంచారు, ముగ్గురి దగ్గరా చచ్చాయి, విడిగా దాచిన ఆఖరి కణాలే నీ చేతికొచ్చాయి. వాటికి పండగా లేదు, సెలవూ లేదు, వేళ తప్పితే వాడిపోతాయి. నువ్వు జ్వరంతో కూడా వచ్చేదానివి. ఎవరో ముక్కూమొహం తెలియని టీచరమ్మ కణితమ్మా ఇది అని చెబితే ఆదివారాలు వచ్చి దానికి తిండి పెట్టేదానివా? ఆ పేరుంది కాబట్టే బతికింది. ఆ మందు పుట్టిందంటే నీ ప్రేమ వల్లే అనుకో!"

మెచ్చుకుంటున్నాననుకున్నాడాయన!

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని ఊరికే అనలేదు. చెల్లెమ్మకు ఆదివారాలన్నీ వరసగా కళ్ళముందుకొచ్చాయి. స్నేహితురాళ్ళ పెళ్ళిళ్ళు మానేసిన ఆదివారాలు, చూడ్డానికొస్తామన్న సంబంధాన్ని వద్దని తిప్పి పంపిన ఆదివారం, మైక్రోస్కోపు దగ్గర ఎవరూ లేకుండా చూసి "ఎలా ఉన్నావురా అన్నయ్యా" అని పలకరించిన ఆదివారాలు. ఎవరింటి ఆడపడుచునో అన్నయ్యా అని పిలిచింది. ఆ టీచరమ్మకు మాత్రం ఎవరున్నారో, ఆవిడకూ ఓ చెల్లెలుందో ఏమో, ఆవిడ పేరుతో ఆవిణ్ణి ఒక్కరూ పలకరించలేదే అనుకుంది. తనను తిట్టినా ఇంత బాధపడేది కాదు. తనలో ఉన్న మంచిని చూసి, దాన్నే పట్టుకుని వాడుకున్నారు.

"ఇందాక నా తప్పేనని ఏడుస్తుంటే వింటూ కూర్చున్నారు కదా సార్" అంది. "క్షమించేశానని కూడా అన్నారు. నన్ను మీరు క్షమించారు!"

పెద్దాయన మళ్ళీ గడియారం చూశాడు.

అప్పుడు గుర్తొచ్చాడు ఆమెకు బస్సు డ్రైవరు.

మందు ఎక్కించుకోబోయే మొదటి మనిషి ఆయనే. ఒకసారి ఆపరేషనయ్యాక కణితి తిరగబెట్టింది. రెండోసారి తీయడానికి రోజు కూడా ఖాయం చేశారు. ఈలోగా ఈ మందు సంగతొచ్చింది. ఒక చిక్కుంది: ఈ మందు ఒక్క చుక్క ఒంట్లోకి దిగినా మూడు నెలలు కత్తి ముట్టకూడదు, గాయం మానదు, నెత్తురు ఆగదు. మందు పనిచేయకపోతే ఆ మూడు నెలలు ఆయన దగ్గర లేవు. అందుకే ఎటూ తేల్చుకోలేక చెల్లెమ్మనే అడిగాడు. "డాక్టరమ్మా, మీ ఇంట్లో మనిషికైతే ఏం చేస్తారు?" అని. ఆమె మంచం పక్కన కూర్చుని చెప్పింది: "మా ఇంట్లో మనిషి మీదే చూశాం బాబాయ్. ఆపరేషన్ నాటి రిపోర్టులో మా అన్నయ్య కణితికి ఒక గుర్తుంది. మీ కణితిలోనూ అదే ఉంది. ఆ గుర్తున్న చోటే ఈ మందు పట్టుకుంటుంది." ఆ ఒక్క మాట మీద ఆయన ఆపరేషన్ వద్దనుకున్నాడు.

"సార్, ఆ గుర్తు టీచరమ్మ కణితిలో ఉందా?"

"ఉండే ఉంటుంది."

"చూశారా?"

"...చూడలేదు."

"చూడలేదా, చూడదల్చుకోలేదా? గుర్తు ఉన్నది మా అన్నయ్య కణితిలో. మందు పనిచేసింది ఇంకొకరి కణితి మీద. ఈ రెండూ కలిపి ఒక కథ అల్లి నా నోటితో ఆయనకు చెప్పించారు. నేను చెబితే నమ్ముతాడనే కదా నన్ను పంపారు?"

"పెద్ద మాటలు మాట్లాడకు. మందు పనిచేస్తే రేపు ఎంతమంది బతుకుతారో ఆలోచించు."

"పని చేయకపోతే ఒకాయన పోతాడు. ముందు ఆయన గురించి ఆలోచిస్తాను. నేను వార్డుకు వెళ్తున్నాను సార్. మధ్యాహ్నంలోగా ఆపించకపోతే ఆసుపత్రంతా వినేలా అరుస్తాను."

అడ్డుపడతాడనుకుంది. తలుపు దగ్గర నిలబడతాడనుకుంది. ఆయన స్టూలు మీంచి కదల్లేదు. "వెళ్ళమ్మా" అన్నాడు, అలసిపోయినవాడిలా. "ఇక వెళ్ళు."

ఆ 'ఇక' ఏమిటో ఆమెకు తలుపవతల గానీ అర్థం కాలేదు.

ట్రేలోంచి ఫోను తీస్తుండగా ఎలుకల డాక్టరు నడవా అవతలి నుంచి వచ్చాడు, చేతిలో ఖాళీ బోను. "ఏంటి చెల్లెమ్మా, ఇంకా ఇక్కడే ఉన్నావా? బావగారి పరువు నిలబెట్టే రోజు కదా! అందరూ వార్డులో ఉంటే నువ్విక్కడేం చేస్తున్నావు?"

"మధ్యాహ్నం కదా మందు?"

"మధ్యాహ్నమెక్కడిది? పెద్దాయన పొద్దున్నే ఫోన్ చేసి ముందుకు జరిపించేశాడు. నీకు తెలియకుండా..." ఆమె మొహం చూసి అతని నవ్వు ఆగిపోయింది. "ఏమైంది?"

జవాబు చెప్పడానికి ఆమె అక్కడ లేదు. ఫోన్లు పట్టుకెళ్ళని గది, కిటికీల్లేని గది, పదేపదే చూసిన గోడ గడియారం. అంతసేపు నిజం చెప్పింది కూడా తనను అక్కడ కూర్చోబెట్టడానికేనా! ఇన్నేళ్ళుగా చెప్పని నిజాన్ని ఇవ్వాళ తీరిగ్గా చెప్పింది అందుకేనా! చెప్పుల సంగతే మర్చిపోయి, ఉత్త కాళ్ళతో, ల్యాబునూ ఆసుపత్రినీ కలిపే పొడవాటి వంతెన మీద పరిగెత్తింది. చక్రాల కుర్చీ తోసేవాడు పక్కకు తప్పుకున్నాడు. ఎవరో తిట్టారు.

పరిగెడుతుంటే ఒక్క ఆశ మిగిలింది. వార్డులో వదిన ఉంటుంది.

వదిన ఆ వార్డులోనే నర్సు. అన్నయ్య పోయాక పుట్టింటికి వెళ్ళిపోకుండా ఆడపడుచును కడుపులో పెట్టుకుని చూసుకుంది. ఒకే ఇల్లు, ఒకే వంట, ఒకరి చీర ఒకరు కట్టుకోవడం. ప్రపంచంలో తనను మోసం చేయని మనిషి ఒక్కరైనా ఉన్నారంటే అది వదినే. ఒక్క ల్యాబు గుమ్మం మాత్రం ఏనాడూ తొక్కలేదు. "ఒక్కసారి వచ్చి అన్నయ్యను చూసిపో వదినా" అంటే మొహం తిప్పుకునేది. పాపం, తట్టుకోలేదు అనుకునేది చెల్లెమ్మ.

డ్రైవరు మంచం కిటికీ పక్కన. చుట్టూ తెర సగం లాగి ఉంది. మంచం పక్కన వదిన, ఒక చెయ్యి ఆయన మణికట్టు మీద, రెండో చెయ్యి సెలైన్ గొట్టంలో మందును వదలడానికీ ఆపడానికీ ఉన్న చిన్న చక్రం మీద. స్టాండుకు మందు సంచి వేలాడుతోంది, లేత పసుపు రంగులో.

"ఆపు వదినా!" ఊపిరందక మంచం కమ్మీ పట్టుకుంది. "ఆ మందు... అన్నయ్య మీద పనిచెయ్యలేదు. ఆ ఫ్లాస్కులో ఉన్నది అన్నయ్య కాదు. ఏనాడూ కాదు."

వదిన ఉలిక్కిపడుతుందనుకుంది. ఏమిటీ అంటుందనుకుంది. ఇందాకే ఒక గదిలో ఇలాంటి మాటే చెప్పి, ఆశ్చర్యపోని మొహం ఎలా ఉంటుందో చూసి వచ్చింది కదా, అందుకే ఈ మొహాన్ని చూడగానే పోల్చుకుంది.

"మెల్లగా మాట్లాడు" అంది వదిన. "నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"పారబొయ్యమన్నది నేనే. మనిషిని మింగిందాన్ని సీసాలో పెట్టి పెంచుతారా అని పెద్దాయన మీద అరిచి, దగ్గరుండి పారబోయించాను. నువ్వు దాని కోసమే చదువు మానుకుని వచ్చావని తర్వాత తెలిసింది. ఆదివారం పూట తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని, మీ అన్నయ్య దగ్గరికే వెళ్తున్నట్టు వెళ్ళేదానివి. అక్కడ ఎవరూ లేరే అని నీకెలా చెప్పను? ఏ నోటితో చెప్పను?"

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. చెల్లెమ్మకు కోపం కూడా రాలేదు.

డ్రైవరు ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. వాళ్ళు మాట్లాడిందంతా ఆయన మంచం మీదుగానే నడిచింది. పెద్ద చెయ్యి ఒకటి నెమ్మదిగా లేచి చెల్లెమ్మ కొంగు పట్టుకుంది.

"డాక్టరమ్మా, మీ ఇంట్లో మనిషి మీద చూశామన్నారు. ఆ మాట మీదే నేను ఆపరేషన్ వద్దన్నాను. ఇప్పుడీవిడేమో అక్కడ ఎవరూ లేరంటోంది." ఆయన గొంతులో కోపం లేదు, దారి తప్పినవాడు దారి అడుగుతున్నట్టే అడిగాడు. "మరి నేను ఎవర్ని నమ్మి ఇక్కడ పడుకున్నానమ్మా?"

చెల్లెమ్మ తల పైకెత్తింది. మందు సంచి, దాని కింద గొట్టం, గొట్టం మీద చక్రం, చక్రం మీద వదిన బొటనవేలు.

చక్రం తెరిచే ఉంది.